సీజన్‌కి ముందే స్కోప్‌ని పరీక్షించండి, వారంటీ ఆ తర్వాత: టెక్సాస్‌లో వేటకెళ్లే మనవాళ్ల కోసం

జూలై వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. ఫ్రిస్కో నుంచో అర్వింగ్ నుంచో మనవాడు ఎవరో ఒకడు, "అన్నా, రైఫిల్ తీసుకున్నా. స్కోప్ ఏది పెట్టమంటావు? లైఫ్‌టైమ్ వారంటీ ఉన్నదే చూసుకుంటాలే, ఇక టెన్షన్ ఉండదు" అంటాడు. డబ్బు పోతుందన్న టెన్షన్ ఉండదు, అంతవరకు నిజమే. కానీ టెక్సాస్‌లో జింకల రైఫిల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. ఆ రోజు తెల్లారేసరికి స్కోప్‌లో, అంటే రైఫిల్ మీద బిగించే దుర్బీనులో, కనిపించే గురి గీతలు (క్రాస్‌హెయిర్) ఒకచోట, తూటా ఇంకోచోట పోతుంటే వారంటీ కాగితం ఎందుకూ పనికిరాదు. కొత్త స్కోప్ ఇంటికి వచ్చేసరికి సీజన్‌లో మంచి రోజులన్నీ అయిపోయి ఉంటాయి.

అందుకని నన్ను అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతాను. ముందు చెడిపోని స్కోప్ వెతకండి, దాన్ని మీరే పరీక్షించండి, ఆ తర్వాతే కంపెనీ సర్వీస్ ఎలా ఉందో చూడండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. 1972 చట్టం వచ్చాక మన దేశంలో వేట నేరం కాబట్టి అక్కడ నాకు దీనితో పరిచయమే లేదు. నేర్చుకున్నదంతా ఇక్కడ, లానో కౌంటీలో నలుగురం కలిసి వేట కోసం అద్దెకి తీసుకున్న భూమిలో, అంటే మా లీజులో. మెస్కీట్ చెట్లు, నాగజెముడు డొంకలు, ఎర్రటి గ్రానైట్ రాళ్లు, మధ్యలో మొక్కజొన్న గింజలు చిమ్మే ఫీడర్. అక్కడ వంద గజాలకి అటూ ఇటూగా కాల్చడమే ఎక్కువ. "ఆ మూగజీవాల జోలికి నీకెందుకురా" అని అమ్మ ఇప్పటికీ ఫోన్లో అంటూనే ఉంటుంది. ఆమెను ఒప్పించేంత జవాబు నా దగ్గర లేదు. కొడితే మాత్రం జింక ఒక్క దెబ్బకే పడిపోవాలి, కుంటుకుంటూ పొదల్లోకి పోయి చావకూడదు. నేను స్కోప్ గురించి ఇంత పట్టించుకునేది అందుకే.

అసలు విషయానికి ముందు వీసా మీద ఉన్నవాళ్లకి ఒక మాట. హెచ్‌1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉంటే ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. టెక్సాస్ ఏడాది లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది. "నవంబర్‌లో కదా సీజన్, అప్పుడు రెన్యూ చేసుకుందాంలే" అని కూర్చుంటే సెప్టెంబర్ 1 నుంచి బీరువాలో ఉన్న రైఫిలే మీకు ఇబ్బంది. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ కోర్సు సంగతి కూడా చూసుకోవాలి.

బ్రాండ్ కబుర్లు ఎలా వినాలి

మా లీజులో సాయంత్రం మంట చుట్టూ కూర్చుంటే రెండు పార్టీలు తయారవుతాయి. రాంచ్ యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. ఆయన దగ్గరున్న రైఫిళ్లన్నిటి మీదా లూపోల్డ్ కంపెనీ స్కోపే. ముందువైపు ఆ కంపెనీ గుర్తైన బంగారు రంగు పట్టీ లేని స్కోప్‌ని ఆయన చేత్తో కూడా ముట్టుకోడు. ఆయన నాన్న వాడాడు, ఈయన వాడాడు, ఇప్పుడు మనవడికీ అదే కొనిచ్చాడు. ఆ కంపెనీ ఒరెగాన్ రాష్ట్రంలో 1907లో పెట్టింది. మొదటి స్కోప్ 1947లో చేసింది. వాళ్ల కుటుంబంలో ఒకాయన జింకని గురిచూస్తే స్కోప్ లోపల మంచు పట్టి గురి తప్పిందట. ఇంతకన్నా మంచిది నేనే చేస్తానని తిట్టుకుంటూ మొదలుపెట్టాడని కంపెనీ చెప్పుకునే కథ. లోపల నైట్రోజన్ నింపి సీల్ చేసి మంచు పట్టకుండా చేయడం వాళ్లకి పేరు తెచ్చింది.

రెండో పార్టీ కుర్రాళ్లది. వాళ్లకి వోర్టెక్స్. విస్కాన్సిన్ కంపెనీ. వాళ్లు వీఐపీ అని పిలిచే వారంటీకి బిల్లు అక్కర్లేదు, మొదటి కొనుగోలుదారు మీరే కానక్కర్లేదు, తప్పు మీదైనా సరే బాగుచేస్తారు, లేదా వేరేది ఇస్తారు. పోగొట్టుకున్నా, దొంగతనమైనా, కావాలని పగలగొట్టినా, పనికి అడ్డురాని పైపై గీతలు పడినా మాత్రం వర్తించదు. ట్రక్కు కింద పడి నలిగిన స్కోప్ పంపిస్తే కొత్తది వచ్చిందని చెప్పేవాడు ప్రతి లీజులోనూ ఒకడుంటాడు.

ఈ కథలు వింటున్నప్పుడు మీరు ఒకటి గమనించాలి. "మూడుసార్లు పంపాను, మూడుసార్లూ పైసా అడగకుండా కొత్తది పంపారు" అని ఒకతను పొంగిపోతూ చెబుతుంటాడు. సర్వీస్ గొప్పదే. అయితే ఆ స్కోప్ మూడుసార్లు చెడిపోయిందని కూడా అతనే చెబుతున్నాడు. పక్కనే ఇరవై ఏళ్లుగా ఒకే స్కోప్ వాడుతున్న మనిషి ఏమీ మాట్లాడడు. కస్టమర్ సర్వీస్ నంబర్ కూడా తెలియనివాడికి చెప్పుకోవడానికి కథ ఏముంటుంది? అందుకే వారంటీ కథలు ఎంత ఎక్కువ వినిపిస్తే ఆ బ్రాండ్ అంత గట్టిదని అనుకోవడం పొరపాటు.

పెద్దాయన వైపు అభిమానంలోనూ అదే లోపం. ఆయన నాన్న వాడిన స్కోప్ వేరు, ఈరోజు షాపులో అదే పేరుతో దొరికేది వేరు. ప్రతి కంపెనీకీ చవక వరస ఒకటి, ఖరీదైన వరస ఒకటి ఉంటాయి. వోర్టెక్స్‌లోనే రేజర్ జెన్ 2 అనే ఖరీదైన మోడల్ జపాన్‌లో తయారవుతుంది, అడుగు వరస వేరే దేశాల్లో. బ్రాండ్ పేరు చూసి నమ్మకండి, మోడల్ పేరు చూసి అడగండి. "నీ దగ్గరున్న ఈ మోడల్ ఎన్ని సీజన్లు ఆడింది, ఏ రైఫిల్ మీద, జీరో (గురిచూసిన చోటే తూటా పడేలా చేసిన సర్దుబాటు) ఎప్పుడైనా పక్కకి జరిగిందా" అని అడిగితే సగం మంది నీళ్లు నములుతారు.

లైఫ్‌టైమ్ వారంటీలో లైఫ్‌టైమ్ ఎవరిదో కూడా ఆలోచించండి. డెన్వర్‌లో రెడ్‌ఫీల్డ్ అనే కంపెనీ ఉండేది, ఒకప్పుడు పెద్ద పేరు. 1998లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. పేరు చేతులు మారి 2008లో లూపోల్డ్ చేతికి వచ్చింది. పేరు బతికినా, పాత స్కోప్ పంపితే బాగుచేసే బల్ల బతకలేదు. కొత్తగా పుట్టిన చవక బ్రాండ్ ఏదైనా జీవితకాల హామీ ఇస్తుంటే, నేను మొదట చూసేది అది ఎన్నాళ్లుగా ఉందో, రిపేర్ చేసే చోటు అమెరికాలో ఉందో లేదో.

ఏది కొనాలి

ఇక్కడ ఎక్కువసేపు ఆగను. మా లాంటి బాక్స్ బ్లైండ్ (దాక్కుని కూర్చునే పెట్టెలాంటి గది) వేటకి 3-9x40 చాలు, అంటే 3 నుంచి 9 రెట్లు పెద్దదిగా చూపే, ముందు అద్దం 40 మిల్లీమీటర్లున్న స్కోప్. పెద్ద జూమ్, పైకి పొడుచుకొచ్చిన పెద్ద టరెట్లు (గురిని సరిచేయడానికి తిప్పే గుండ్రటి మరలు), రంగు లైట్లు వంద గజాల జింకకి అనవసరం. కదిలే భాగాలు ఎన్ని తక్కువైతే చెడిపోయేవీ అంత తక్కువ. కొలరాడో కొండల్లో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) కోసం రోజంతా నడిచేవాళ్లకి బరువు లెక్క. ఆ వరసలో తేలికైన 3-9x40 పన్నెండు ఔన్సుల చిల్లర ఉంటే, నైట్‌ఫోర్స్ లాంటి గట్టి కంపెనీ పెద్ద మోడళ్లు 30 ఔన్సులకి అటూ ఇటూగా తూగుతాయి. ఆ బరువు ఊరికే రాలేదు, లోపలి లోహపు భాగాలు, స్ప్రింగులు, మందమైన గొట్టం అంతా కలిపి. బ్లైండ్‌లో ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి కూర్చునేవాడికి బరువు అడ్డం కాదు. కాబట్టి డబ్బుంటే గట్టిదే తీసుకోవచ్చు.

పాతది కొనడం తప్పేమీ కాదు. వారంటీ చేతులు మారినా వర్తించే కంపెనీలు ఉన్నాయి: లూపోల్డ్, వోర్టెక్స్, బర్రిస్. కానీ లైటు వెలిగే మోడళ్లలో ఎలక్ట్రానిక్ భాగానికి వేరే గడువు ఉంటుందేమో చదవండి. లూపోల్డ్‌లో అద్దాలకీ గొట్టానికీ గడువు లేదు, ఎలక్ట్రానిక్స్‌కి 2 ఏళ్లే. గన్ షోలో (తుపాకుల సంతలో) సగం ధరకి మెరిసిపోతున్న పెద్ద బ్రాండ్ కనిపిస్తే సీరియల్ నంబర్ ఫోన్లో ఫొటో తీసి, కంపెనీకి ఫోన్ చేసి అడిగాకే డబ్బు తీయండి. లూపోల్డ్ పేరుతో నకిలీలు వచ్చాయని ఆ కంపెనీయే హెచ్చరించింది. నకిలీకి ఏ వారంటీ రాదు.

బిగించడం దగ్గరే సగం జబ్బులు

"స్కోప్ పాడైంది" అని నా దగ్గరకి తెచ్చిన రైఫిళ్లలో స్కోప్ నిజంగా పాడైనవి తక్కువ. బేస్ (రైఫిల్ మీద బిగించే పట్టీ) మరలు వదులు, లేదా రింగులు (స్కోప్‌ని పట్టుకునే కడియాలు) వదులు, లేదా స్టాక్‌కి (భుజానికి ఆనించే భాగానికి) రైఫిల్‌ని పట్టి ఉంచే యాక్షన్ మరలు వదులు. షాపువాడు బిగించి ఇచ్చాడు కదా అని ఎవరూ ముట్టుకోరు. అక్కడే తేడా వస్తుంది.

మర ఎంత గట్టిగా బిగిసిందో ఇంచ్-పౌండ్లలో కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనండి. స్కోప్ మీద వందలు పెట్టి దీనికి వెనకాడతారు, అదేం లెక్కో నాకు అర్థం కాదు. పాత మరలన్నీ ఊడదీసి, మర రంధ్రాల్లో నూనె లేకుండా రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి. బేస్ మరలకి నీలం రంగు లాక్‌టైట్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క చాలు. రింగుల మరలు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు. మీ రింగుల కంపెనీ వేరే అంకె రాసి ఉంటే అదే పాటించండి. ఒకవైపు పూర్తిగా బిగించేసి రెండోవైపుకి పోకండి, ఎదురెదురు మరలని కొంచెం కొంచెంగా తిప్పుతూ రావాలి. మరీ గట్టిగా బిగిస్తే పలచటి గొట్టం నొక్కుకుపోయి లోపలి భాగాలు ఇరుక్కుంటాయి. అప్పుడు మంచి స్కోపే చెడ్డదానిలా ప్రవర్తిస్తుంది.

బిగించాక మా ఇంట్లోవాళ్ల ఎర్ర నెయిల్ పాలిష్ అడిగి తీసుకుంటాను. వెనక రింగు అంచు దగ్గర, రింగు మీద నుంచి గొట్టం మీదకి సన్నటి గీత. ప్రతి మర తల మీద నుంచి రింగు మీదకి ఇంకో చిన్న గీత. ఆరేక అది గాజులా గట్టిపడుతుంది. ఒక పెట్టె తూటాలు కాల్చాక భూతద్దం పెట్టి చూడండి. గొట్టం వెంట్రుకవాసి ముందుకి జారినా గీత రెండు ముక్కలై, మధ్యలో నల్లటి సందు కనిపిస్తుంది. మర తిరిగినా అంతే. స్కోప్‌ని అనుమానించే ముందు ఈ గీతలు చూడటానికి అర నిమిషం పట్టదు.

వేసవిలో చేయాల్సిన పరీక్ష

జూలైలో, ఉదయం ఏడింటికల్లా రేంజ్‌కి వెళ్లండి. ఎండ ముదిరాక గాలి అలల్లా కదులుతుంది, బ్యారెల్ చల్లారదు, మీకూ ఓపిక ఉండదు. సీజన్లో ఏ తూటా వాడతారో అదే బ్రాండ్, అదే బరువు. చవక తూటాలతో పరీక్ష చేసి ఖరీదైనవాటితో వేటకెళితే ఆ పరీక్ష చేసినా చేయనట్టే.

ముందు వంద గజాల దగ్గర నిదానంగా ఒక గ్రూప్ (ఒకే చుక్క మీద వరసగా కొన్ని తూటాలు) కాల్చి జీరో చేసుకోండి. తర్వాత క్లిక్కుల సంగతి. టరెట్ తిప్పితే టక్కుమనే ఒక్కో అంచె ఒక క్లిక్. ఎక్కువ వేట స్కోపుల్లో ఒక క్లిక్ పావు ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్, కోణాన్ని కొలిచే లెక్క). ఒక ఎంఓఏ వంద గజాల దగ్గర 1.047 అంగుళాలు. అంటే 40 క్లిక్కులు పైకి తిప్పితే తూటా 10.47 అంగుళాలు పైన పడాలి. పెద్ద అట్టముక్క మీద తూకపు దారం వేలాడదీసి నిలువు గీత గీయండి, కింద చుక్క పెట్టండి. ఎప్పుడూ ఆ కింది చుక్కనే గురిచూడాలి. 40 క్లిక్కులు పైకి, కాల్చండి. ఇంకో 40 పైకి, కాల్చండి. ఇప్పుడు 20.94 అంగుళాల దగ్గర పడాలి. మొత్తం 80 వెనక్కి తిప్పి మళ్లీ కాల్చండి. మొదటి గ్రూప్‌లోనే పడాలి. టేపు పెట్టి కొలవండి, కంటి అంచనా వద్దు. కొంచెం ఎక్కువతక్కువలు రైఫిల్ గ్రూప్ వల్ల వస్తాయి, వాటికి కంగారు పడక్కర్లేదు. వెనక్కి తిప్పినప్పుడు పాత చోటుకి రాకపోవడమే అసలు జబ్బు.

ఇంకో జబ్బు దొంగలాంటిది. ఎనిమిది క్లిక్కులు కుడికి తిప్పుతారు. మొదటి తూటా పాత చోటే పడుతుంది. ఇదేమిటని ఇంకో నాలుగు తిప్పుతారు. రెండోది సగం దూరం జరుగుతుంది, మూడోది గబుక్కున గీత దాటి అవతల పడుతుంది. స్కోప్ గొట్టం లోపల రెటికిల్ (గురి గీతలు) ఉండే చిన్న గొట్టం ఇంకోటి ఉంటుంది. టరెట్ మర దాన్ని ఒకవైపు నుంచి నెడితే స్ప్రింగ్ రెండోవైపు నుంచి ఆనించి పట్టుకుంటుంది. ఆ స్ప్రింగ్ బలహీనమైతే మీరు తిప్పినప్పుడు చిన్న గొట్టం కదలదు, రైఫిల్ తన్నిన కుదుపుకి కదులుతుంది. పాతకాలం వేటగాళ్లు క్లిక్ తిప్పాక పావలా నాణెంతో టరెట్ మీద టకటకా కొట్టేది అందుకే. మా పెద్దాయన ఇప్పటికీ కొడతాడు. అలవాటు మంచిదే, కానీ కొడితే గానీ కదలని స్కోప్ కొట్టకుండానే కదిలే రోజు కూడా వస్తుంది. దాన్ని కంపెనీకి పంపాల్సిందే.

మూడోది మంచు. ఏసీ వేసిన ట్రక్కులోంచి తేమ ఉన్న తెల్లవారుగాలిలోకి దిగగానే అద్దం మసకబారితే భయపడకండి, అది బయటి తేమ. గుడ్డతో తుడిస్తే పోతుంది. లోపల పడితే ఎంత తుడిచినా పోదు. ఇంట్లోనే తెలుసుకోవచ్చు. స్కోప్‌ని జిప్‌లాక్ సంచిలో పెట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రీజర్‌లో వద్దు. తీసి, బయటి అద్దాలు రెండువైపులా తుడిచి, వెంటనే వెలుతురు వైపు చూడండి. తుడిచాక కూడా లోపల పాల మీగడలాంటి పొర కనిపిస్తే సీల్ పోయింది, వాయువు బయటికి పోయి తేమ లోపలికి చేరింది.

నాలుగోది నేను తప్పకుండా చేసేది, చాలామంది ముఖం చిట్లించేది. జీరో అయిన రైఫిల్‌ని ఖాళీ చేసి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) రెండుసార్లు చూసుకుని, పరుపులాంటి మెత్తటి చాప మీద మోకాలి ఎత్తు నుంచి పక్కకి పడనిస్తాను. ఎడమవైపు, కుడివైపు. మళ్లీ కాలుస్తాను. "కొత్త స్కోప్‌ని ఎవరైనా కింద పడేస్తారా" అంటారు. బ్లైండ్ నిచ్చెన ఎక్కేటప్పుడు, ఏటీవీ మీద రాళ్ల దారిలో పోయేటప్పుడు అది ఇంతకన్నా ఎక్కువ దెబ్బలే తింటుంది. చాప మీదే జీరో తప్పేది రాళ్ల మీద ఎలా నిలుస్తుంది?

తప్పు స్కోప్‌దేనా

గురి తప్పుతోందంటే ఒక్కొక్కటే తీసేస్తూ రావాలి. మరలు, నెయిల్ పాలిష్ గీతలు. అదే పెట్టె తూటాలు. మీకన్నా బాగా కాల్చే స్నేహితుడి చేత ఒక గ్రూప్. ఆఖరున తిరుగులేని పరీక్ష: బాగా పనిచేస్తుందని తెలిసిన వేరే స్కోప్‌ని అదే రైఫిల్ మీద పెట్టండి. గ్రూప్ చిన్నదైతే తప్పు మీ స్కోప్‌ది. అలాగే ఉంటే రైఫిల్‌దో తూటాదో మీదో. ఇది చేయకుండా కంపెనీకి పంపితే వాళ్లు వాళ్ల యంత్రం మీద పెట్టి చూసి "ఏ లోపమూ కనిపించలేదు" అని చీటీ రాసి తిరిగి పంపుతారు. వారాలు పోతాయి, అనుమానం మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

హైదరాబాద్‌లో ఒక మిత్రుడు స్ప్రింగ్ ఎయిర్‌గన్ మీద మామూలు రైఫిల్ స్కోప్ పెట్టి, విరిగిపోయిందని గోల పెట్టాడు. స్ప్రింగ్ ఎయిర్‌గన్ వెనక్కీ ముందుకీ రెండువైపులా తంతుంది. వెనక్కి తన్నే దెబ్బని మాత్రమే లెక్కలో పెట్టుకుని చేసిన స్కోప్ దానికి తట్టుకోదు. ఎయిర్‌గన్‌కి తగినదని కంపెనీ రాసిన మోడలే తీసుకోవాలి. ఇంకో సంగతి, ఇండియా వెళ్తూ బావమరిదికి గిఫ్ట్‌గా రైఫిల్ స్కోప్ సూట్‌కేస్‌లో పడేసుకోకండి. అది అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్న వస్తువు, చాక్లెట్ డబ్బా కాదు.

పంపేటప్పుడు

స్కోప్ విడిగా తుపాకీ కిందకి రాదు. కాబట్టి రైఫిల్ నుంచి ఊడదీసి మామూలు పార్సిల్‌లా పంపొచ్చు, గన్ షాపు అక్కర్లేదు. రైఫిల్‌తో పాటు పంపాలన్న ఆలోచనే వద్దు.

ఊడదీసే ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి: టరెట్ అంకెలు, సీరియల్ నంబర్, రింగులు రైల్ (గాడులున్న బేస్) మీద ఏ గాడిలో ఉన్నాయో. తర్వాత కంపెనీ సైట్‌లో సర్వీస్ ఫారం నింపితే ఒక నంబర్ ఇస్తారు, దాన్ని పెట్టె మీద రాయాలి. రింగులు, మూతలు, సన్‌షేడ్, బ్యాటరీ తీసేయండి, అవి తిరిగి వస్తాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. స్కోప్ చుట్టూ రెండంగుళాల మెత్తదనం ఉండేలా సర్ది, ట్రాకింగ్, ఇన్సూరెన్స్ పెట్టి పంపండి.

లోపల పెట్టే ఉత్తరం అన్నిటికన్నా ముఖ్యం. "సరిగా పనిచేయడం లేదు" అని రాస్తే వాళ్లకి ఏమీ తెలియదు. ఇలా రాయండి: "308 రైఫిల్. వంద గజాలు. 80 క్లిక్కులు పైకి తిప్పి వెనక్కి తెస్తే తూటా పాత చోటుకి రెండున్నర అంగుళాలు ఎడమకి పడుతోంది. రింగులు 18 ఇంచ్-పౌండ్లు, జారలేదు. అదే రైఫిల్ మీద వేరే స్కోప్‌తో గ్రూప్ బాగుంది." కాల్చిన టార్గెట్ ఫొటో ప్రింట్ తీసి జతచేయండి. టేబుల్ దగ్గర కూర్చున్న టెక్నీషియన్‌కి ఏది వెతకాలో తెలుస్తుంది.

ఆగస్టు దాటనివ్వకండి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో అందరికీ ఒకేసారి స్కోపులు గుర్తొస్తాయి. మా లీజులో తెలుగబ్బాయి ఒకడు అక్టోబర్ మధ్యలో పంపాడు. ఏ కంపెనీయో చెప్పను. ఫోన్‌లో మాట్లాడినవాళ్లు ఎంతో మర్యాదగా మాట్లాడారు, పార్సిల్ మాత్రం జనవరిలో వచ్చింది. ఆ సీజనంతా వాడు నా పాత రైఫిల్‌తోనే కూర్చున్నాడు. కొత్త స్కోప్ వచ్చిందని సంతోషించాడు గానీ, అది కూడా అదే మోడల్.

మోడల్ మార్చమని అడగొచ్చు. మర్యాదగా, ఉత్తరంలోనే: "ఈ మోడల్‌లో రెండోసారి ఇదే లోపం వచ్చింది, తేడా డబ్బు కడతాను, పై వరసది ఇవ్వగలరా?" ఒప్పుకోవాలని లేదు, ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. మీ మోడల్ ఆగిపోయి ఉంటే దానికి సమానమైనది పంపుతారు. అప్పుడు గొట్టం మందం చూసుకోండి. పాతది ఒక అంగుళం, కొత్తది 30 మిల్లీమీటర్లు అయితే మీ రింగులు పనికిరావు.

స్కోప్ రిపేర్‌లో ఉన్నన్నాళ్లు చేతిలో ఏముంటుందన్నదానికి నా పద్ధతి ఇది. చవకైనా గట్టిదైన ఇంకో స్కోప్‌ని దాని రింగుల్లోనే బిగించి, ఆ రైఫిల్ మీదే జీరో చేసి, ఊడదీసి మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టెలో ఉంచుతాను. రైల్ మీద ఏ గాడిలో పెట్టాలో రింగు అడుగున రాసి ఉంటుంది. అవసరమైతే అదే గాడిలో పెట్టి, ముందుకి నెట్టి, అదే టార్క్‌కి బిగిస్తే జీరో దాదాపు దగ్గరికి వస్తుంది. నాలుగు తూటాలతో సరిచేసుకోవచ్చు. లీజుకి వెళ్లేటప్పుడు అది, టార్క్ స్క్రూడ్రైవర్, ఒక పెట్టె తూటాలు ట్రక్కులో ఉంటాయి. సీజన్ ముందురోజు సాయంత్రం అక్కడికి చేరగానే అందరం ఒక్కో తూటా కాల్చి చూసుకుంటాం. దారిలో ఏ గుంటలో ఎంత కుదిపిందో ఎవరికి తెలుసు. మా రాంచ్‌లో దెబ్బ తగిలి రక్తం కనిపిస్తే ఆ జింక మీ కోటాలో పడ్డట్టే, దొరికినా దొరక్కపోయినా. అందుకని ఆ ఒక్క తూటాకి ఎవరూ లోభించరు.

కంపెనీ నుంచి స్కోప్ వచ్చిన రోజున పెట్టెలో చీటీ చదవండి: రిపేర్ చేశారా, మార్చారా, ఏ భాగం. మార్చితే సీరియల్ నంబర్ కొత్తది, దాన్ని మీ దగ్గర రాసుకోండి. వాళ్లు పరీక్షించి పంపారు కదా అని నేరుగా వేటకి పోకండి. మరలు, నెయిల్ పాలిష్ గీత, ఫ్రిజ్, 80 క్లిక్కులు, చాప, అన్నీ మళ్లీ మొదటి నుంచి. ఏదైనా తేడా కనిపిస్తే అదే పెట్టెలో, అదే సర్వీస్ నంబర్‌తో మర్నాడే వెనక్కి పంపేయండి. అందుకే ఆ అట్టపెట్టె పారేయొద్దు.